ప్రభువు ఎక్కిన బస్సు

మా అన్న సినిమా తీస్తానని చెప్పిన సాయంత్రం నాకు ఆవలింత వచ్చింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు. అప్పుడే ఆళ్లగడ్డ నుంచి బస్సు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, జొన్నపిండి పళ్లెంలో పోసుకుని రొట్టెలకు కూర్చున్నాను.

డెబ్భైల చివర్లో సంగతి. నేను ఆళ్లగడ్డలో ఒక చిన్న బడిలో టీచరును. ఇల్లు నంద్యాలలో. పొద్దున పోవడం, సాయంత్రం రావడం. ఎర్ర బస్సులో సీటు దొరికితే ఆ రోజు మంచి రోజు. లేకపోతే శిరివెళ్ల దాకా నిలబడి, అక్కడ ఎవరైనా దిగితే కూర్చోవడం. ఇంట్లో ముగ్గురమే. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నాయన చర్చి ఉపదేశిగా ఊరూరూ సైకిల్ తొక్కి వాక్యం చెప్పి, మోకాళ్లు అరిగిపోయాక ఇంటిపట్టున ఉండేవాడు. అన్నకు బజారులో ఫోటో స్టూడియో. పెళ్లి ఫోటోలు, అప్లికేషన్లకు అంటించే ఫోటోలు, పసిబిడ్డలను దిండు మీద బోర్లా పండబెట్టి తీసే ఫోటోలు. ఆ పనంటే వాడికి విసుగు. ఆ విసుగులోంచే సినిమా పుట్టిందని నా అనుమానం.

"యేసుప్రభువు నంద్యాలకొస్తే ఎట్లుంటాది? అదే కత," అన్నాడు అన్న.

"వచ్చి ఏం జేస్తాడు?" అన్నాను రొట్టె తడుతూ.

"క్రిస్మస్ ముందుర రైలు దిగుతాడు. మన చర్చికే పోతాడు. ఎవురూ గుర్తుపట్టరు. అందరికీ నవ్వొస్తాది."

మంచం మీది నుంచి నాయన అడిగాడు. "ఎవురిని జూసి నవ్వల్ల?"

"ఆయన్ను జూసి కాదు నాయనా. మనల్ని జూసి."

"మనల్ని జూసి నవ్వేదానికి సినిమా యెందుకు? వాకిట్లో కుర్చీ ఏసుకోని కూర్చుంటే చాలదా?"

నాయన ఆ మాట నవ్వించడానికి చెప్పలేదు. ఆయనకు నవ్వులాట చేతకాదు. ఉన్న సంగతి చెప్పాడంతే.

అన్న దగ్గర ఒక పాత కెమెరా ఉండేది. ఇక్కడ పనిచేసిన ఒక మిషన్ డాక్టరు తన దేశానికి తిరిగి వెళ్లిపోతూ స్టూడియోలో ఇచ్చిపోయినది. కరెంటు అక్కర్లేదు. గడియారానికి ఇచ్చినట్టు కీ ఇవ్వాలి. కీ ఇస్తే గర్రుమని కొంతసేపు తిరిగి ఆగిపోతుంది. మళ్లీ కీ. దానిలో బొమ్మ పడుతుంది కానీ మాట పడదు. మాటలు తర్వాత టేపు రికార్డరులో చెప్పుకుని, బొమ్మతోబాటు టేపు నడపాలని అన్న ఆలోచన. మద్రాసు పోయేవాళ్ల చేత ఫిల్ము తెప్పించేవాడు, తీసినది కడగడానికి మళ్లీ వాళ్ల చేతనే పంపేవాడు. ఒక్కోసారి రీలు తిరిగి వచ్చేసరికి అందులో ఏం తీశామో మాకే గుర్తుండేది కాదు.

కథ సిద్ధమైంది. సినిమాకు 'ప్రభువు ఎక్కిన బస్సు' అని పేరు పెట్టాడు. ప్రభువే దొరకలేదు. మా సంఘంలో గడ్డమున్న మగవాళ్లను అన్న ఒక్కొక్కరినే అడిగాడు. పాటల బృందంలో ఒకాయన ఒప్పుకున్నాడు కానీ వాళ్ల ఇంటామె ఒప్పుకోలేదు. "దేవుడి యేసం గట్టినోడు నాకు కూరగాయలు దెచ్చిపెడతాడా?" అని అడిగిందట.

మా బడి పక్కనే రాళ్లు చెక్కే పాకలు ఉండేవి. పొద్దంతా ఉలిచప్పుడు. పిల్లలు అక్షరాలు ఆ చప్పుడుకు తాళంగా వల్లించేవాళ్లు. ఆ పాకల్లో ఒకటి మా బావి గోడకు ఆనుకుని ఉండేది. అందులో పనిచేసే ఆయన్ను అందరూ ఆచారీ అనే పిలిచేవాళ్లు. సన్నటి మనిషి, భుజాల దాకా జుట్టు, గడ్డం, రాతిపొడితో తెల్లబడిన కనురెప్పలు. ఒకసారి విగ్రహాల ఫోటోలు తీయడానికి అన్న ఆళ్లగడ్డకు వచ్చినప్పుడు ఆయన మా బావి దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగుతున్నాడు. అన్న ఫోటోల సంగతి మరిచిపోయి నిలబడిపోయాడు.

"నేనేంది, మీ దేవుడేందప్పా," అన్నాడు ఆచారి, విషయం విన్నాక. "నేను పొద్దున లేస్తే వినాయకుడు, మాపటికి నందీశ్వరుడు."

"ఆయన వడ్రంగి," అన్నాడు అన్న.

ఆచారి చేతిలో ఉలి ఆగింది. "నిజమేనా? కొయ్యపనా?"

"వాళ్ల నాయనదీ కొయ్యపనే."

ఆచారి ఉలి కింద పెట్టాడు. ఆచారుల్లో కొయ్యపని వాళ్లు, రాతిపని వాళ్లు, బంగారుపని వాళ్లు అందరూ ఒకటే. "అట్లయితే మావోడే," అన్నాడు. ఒప్పుకున్నట్టే.

వాళ్ల నాయనకు నచ్చలేదు. దేవుళ్లను చేసే చేతులు దేవుడి వేషం వేయడమేమిటని ఆయన బాధ. అయినా కొడుకును ఆపలేదు. పని నడిచే రోజు మాత్రం పాక వదలకూడదన్నాడు. వాళ్లు ఖాయంగా ఉలి ముట్టనిది అమావాస్య రోజే. మాకేమో ఆదివారమే తీరిక, అదీ ఆరాధన అయ్యాక. అమావాస్యకు నేను సెలవు పెట్టాలి, లేదా చేతిలో పని లేని ఆదివారం ఎప్పుడైనా ఆయన దొరకాలి. అందుకే ఆ సినిమా అలా సాగింది. నడుమలో ఒక వానాకాలం పోయింది, ఇంకో ఎండాకాలం వచ్చింది, నా జుట్టు చెవుల దగ్గర నెరిసింది.

ప్రభువు అంగీ నేనే కుట్టాను, లాంగ్‌క్లాత్ తెచ్చి. తీసిన ప్రతిసారీ దాన్ని నేనే ఉతికేదాన్ని. నంద్యాల నల్లమట్టి పట్టిందంటే ఒక పట్టాన వదలదు. పొద్దున బడి, సాయంత్రం వంట, నాయన మోకాళ్లకు కాపడం, ఆ పైన ప్రభువు బట్టలు. విసుక్కుంటూనే ఉతికాను. ఎవరూ ఉతకమనలేదు. ఉతకకపోతే ఎవరూ ఉతకరు.

నాయన మొదట్లో వినీవిననట్టు ఉండేవాడు. అన్న మాటలు రాసి పైకి చదువుతుంటే మెల్లగా అడ్డుతగలడం మొదలుపెట్టాడు. "ప్రభువు అట్ల బతిమాలడు. కోపమొస్తే కోపంగానే అంటాడు. గుడిలో బల్లలు తిరగేసినోడు గదా." ఇంకోరోజు, చర్చి గేటు దగ్గర కావలివాడు ప్రభువును ఆపే ఘట్టం చదువుతుంటే, నాయన కళ్లు మూసుకునే చెప్పాడు. "ఏ సంఘమని అడిగి వదిలిపెడ్తారా? బాప్తిస్మం సర్టిఫికెట్ అడుగుతారు. ఆయనది యోర్దాను నదిలో అయింది. కాయితం యాడుంటాది?"

అన్న నా వైపు చూశాడు. ఇద్దరం నవ్వు ఆపుకున్నాం. సినిమాలో జనం బాగా నవ్విన ముక్కల్లో అదొకటి.

చర్చి లోపల తీయడానికి సంఘపెద్దలు ఒప్పుకోలేదు. గేటు బయట మటుకు తీశాం. లోపలి బెంచీ ఘట్టం స్టూడియోలో బెంచీ వేసి తీశాం. ప్రభువు వచ్చి కూర్చుంటాడు. ఒక పెద్దమనిషి వచ్చి, అది తాతల కాలం నుంచి మా బెంచీ, జరుగు అంటాడు. జరిగి జరిగి ప్రభువు నేల మీద కూర్చుంటాడు. కానుకల సంచి ముందుకొస్తే, అందులో తనకేమైనా ఉందేమోనని తొంగి చూస్తాడు. తర్వాత ఫోటో స్టూడియోకి పోతాడు. స్టూడియో ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తాడు, ఈయన్ను చూస్తాడు. తల అడ్డంగా ఊపుతాడు. క్యాలెండరులో ప్రభువు గులాబీరంగు బుగ్గలు, నీలం కళ్లు. ఆచారి ఎండకు కాలిన నల్లటి మనిషి. ఆ స్టూడియో ఆయన వేషం అన్నే వేశాడు. చివరికి ఈ ఊళ్లో పని దొరకదని ప్రభువు బస్సెక్కి ఆళ్లగడ్డకు పోతాడు. అక్కడ ఉలి చేతికిస్తే, నాకు కొయ్యపనే వచ్చు, రాతిపని రాదంటాడు. ఇదీ కథ.

తీసేటప్పుడు నవ్వేమీ రాలేదు. ఎండలో నిలబడడం, కీ ఆగిపోవడం, మేఘం అడ్డం రావడం, దారినపోయే ఎద్దుల బండి కెమెరా ముందు ఆగి అందులోని మనిషి ఏంది ఏంది అని అడగడం. ఆచారి మాత్రం విసుక్కునేవాడు కాదు, కానీ అలిసిపోయేవాడు. ఒకసారి రైల్వే స్టేషన్ బయట, జనం గుంపుగా చేరి ఆయన్నే చూస్తుంటే, నా దగ్గరికొచ్చి నీళ్లు అడిగాడు.

"అందరూ చూస్తాండారు టీచరమ్మా. నేను రాయిని ఇట్లనే చూస్తాగదా, పొద్దుగూకులూ. రాయికి ఎంత యాతనో ఇప్పుడు తెలుస్తాండాది."

ఆ ఎండాకాలంలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్టాండులో తీశాం. ప్రభువు బస్సు దిగి అటూ ఇటూ చూస్తాడు, ఎవరూ పట్టించుకోరు. అంతవరకే తీయాల్సింది. అన్న సోడా బండి చాటున కెమెరా పెట్టుకున్నాడు. నేను ఆచారికి కొంచెం దూరంలో గొడుగు పట్టుకుని నిలబడ్డాను. కడప బస్సు పోయింది. దుమ్ము తగ్గాక ఆచారి వెళ్లి నడుమ నిలబడ్డాడు. అన్న కీ ఇచ్చాడు.

అప్పుడు ఒక అవ్వ వచ్చింది. తెల్ల చీర, చంకలో మూట, చేతిలో చెప్పులు. నల్లమల అంచు ఊళ్ల నుంచి వచ్చే మనిషిలాగుంది. నేరుగా వచ్చి ఆచారి ముందు ఆగింది. కాళ్ల మీద పడుతుందేమోనని నాకు భయమేసింది. పడలేదు. మూట కింద పెట్టి, నిటారుగా నిలబడి, పండక్కి ఆలస్యంగా వచ్చిన అల్లుడిని అడిగినట్టు అడిగింది.

"ఇప్పుడొచ్చినావా?"

ఆచారి సోడా బండి వైపు చూశాడు. అన్న చెయ్యి ఊపాడు, కానీమ్మని. కెమెరా తిరుగుతూనే ఉంది.

"ఇప్పుడొచ్చినావా సామీ? నా కొడుకు ఆస్పత్రిలో పండుకోనుంటే పిలిస్తి. రేయీ పగలూ పిలిస్తి. పక్కమంచాలోళ్లు అరవొద్దంటే లోపల్లోపలే పిలిస్తి. నువ్వు రాల్యా. వాన్ని మట్టి జేసినాం. ఇప్పుడొచ్చి బస్టాండులో నిలబడుకోనుండావు. ఎవురి కోసరం?"

కెమెరా గర్రుమని ఆగిపోయింది. అన్న గబగబా కీ ఇస్తున్న చప్పుడు వినిపించింది. అవ్వ జవాబు కోసం నిలబడే ఉంది. ఆచారికి ఎవరూ మాటలు రాసివ్వలేదు. ఆయన ముఖంలో చెమట కారి గడ్డంలోకి దిగుతోంది. మళ్లీ కెమెరా తిరగడం మొదలయ్యాక అన్నాడు.

"బస్సు దొరకలేదవ్వా."

అవ్వ ఆయన్ను తేరిపార చూసింది. "ఈ బస్సులతో ఎప్పుడూ ఇంతే," అంది. అంగీ అంచుకు అంటిన దుమ్మును వంగి దులిపింది. ఇంతలో ఆమె ఊరి బస్సు వచ్చింది. మూట చంకన పెట్టుకుని, జనంలో దూరి ఎక్కి వెళ్లిపోయింది.

ఆచారి టీ కొట్టు వెనక్కి పోయి అంగీ విప్పి, మడిచి నా చేతికిచ్చాడు. తన ఇంటికి నడిచాడు. నేను అన్న మీద పడ్డాను.

"అది యెందుకు తీసినావు?"

"తీయకపోతే ఎట్ల?"

"నీకు తెలిసిన మనిషా? అడిగి తీసినావా?"

అన్న కెమెరాను గుడ్డలో చుట్టుకుంటూ అన్నాడు. "అడిగేదానికి నాకు నోరు రాల్యా. చేతులు పనిజేస్తాండె, అంతే." నంద్యాల బస్సులో ఒకరికొకరం దూరంగా కూర్చున్నాం.

ఆచారి చాలా రోజులు రాలేదు. బడి గోడకు అవతల ఉలిచప్పుడు వినిపించేది, మనిషి బావి దగ్గరికి వచ్చేవాడు కాదు. సినిమా ఆగిపోయిందనుకుని నాకు కొంత నిశ్చింతగానే ఉండింది. ఒక అమావాస్య పొద్దున ఆయనే స్టూడియోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. "ఆమె అడిగింది నన్ను కాదు. జవాబు మాత్రం నేను జెప్పాల్సొచ్చె," అన్నాడు. తర్వాత లేచి, "మిగిలింది తీసేద్దాం పట్టు," అన్నాడు. మిగిలినది తీసి ముగించాం.

మాటలు చెప్పే పని మా ఇంట్లోనే పెట్టుకున్నాం. కిటికీలకు బొంతలు కట్టి, బయట కోళ్లు అరవని వేళ చూసుకుని. ఎవరి మాటలు వాళ్లు చెప్పారు. అవ్వ మాటలు ఎవరు చెప్పాలి? ఆమె ఎవరో, ఏ ఊరో తెలియదు. ఆ రోజు ఆమె మాటలు పూర్తిగా విన్నది ఆచారి, నేను. ఆడగొంతు కావాలి కనుక నేనే.

నేను చెప్పాను. మొదటిసారి పాఠం చదివినట్టు వచ్చింది. మళ్లీ చెప్పాను. ఏడుపుగొంతు వచ్చింది, అదీ తప్పే, ఆమె ఏడవలేదు. నాకు ఓపిక అయిపోయాక, ఏ గొంతు వస్తే ఆ గొంతుతో చెప్పేశాను. అదే ఉంచాడు అన్న.

అయ్యాక నాయన దగ్గరికి మజ్జిగ తీసుకుపోతే, ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. "ఎవురా ముసలామె?" అని అడిగాడు. తెలియదన్నాను. "ఆ పక్క ఊర్లన్నీ నేను తిరిగినవే. మొగం జూస్తే గుర్తుపడ్తానేమో." మజ్జిగ తాగి గ్లాసు ఇస్తూ, "ఆమె అడిగిందాంట్లో తప్పు లేదు. అట్ల అడిగినోళ్లు వాక్యంలోనే చానామంది ఉండారు," అన్నాడు.

సినిమాను మొదట నంద్యాలలోనే వేశాం, సెలవుల్లో ఒక బడి హాలు అడిగి, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి. బడుల్లో ఆరోగ్యం బొమ్మలు చూపించే ఒక స్నేహితుడు ప్రొజెక్టరు తెచ్చాడు. టేపు అన్న నడిపాడు. బొమ్మకూ మాటకూ మొదట్లో బాగానే కుదిరింది. పోనుపోను మాట ముందు, బొమ్మ వెనక. సంఘంవాళ్లు సగానికి సగం వచ్చారు. బాప్తిస్మం సర్టిఫికెట్ దగ్గర ఈలలు వేశారు. క్యాలెండరు దగ్గర ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు. అన్న ముఖం వెలుగుతోంది. అలా వాడిని నేను ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఆళ్లగడ్డ బస్టాండు వచ్చింది. అవ్వ తెర మీదికి నడిచి వస్తుండగానే నా గొంతు, ఇప్పుడొచ్చినావా, అంది. ఆమె పెదవులు తర్వాత కదిలాయి. ఎవరో కిసుక్కుమన్నారు. మాటలు సాగాయి. బొమ్మ ఒకచోట ఎగిరింది, అది కీ ఆగిన చోటు. బస్సు దొరకలేదవ్వా అనేసరికి హాలంతా పగలబడి నవ్వింది.

నేను బయటికొచ్చాను. కొళాయి దగ్గర ముఖం కడుక్కుని గట్టు మీద కూర్చున్నాను. కోపం లేదు. వాళ్లకేం తెలుసు, అదీ కల్పించిందే అనుకున్నారు. బడి మైదానంలో మేకలు మేస్తున్నాయి. వాటిని చూస్తూ సినిమా అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆ వారమే పెద్దలు అన్నను పిలిపించారు. నేను నాయనను పట్టుకుని వెంట వెళ్లాను. బెంచీ ఘట్టం తీసేయాలన్నారు, ఒక పెద్ద కుటుంబం నొచ్చుకుందట. కానుకల సంచి ఘట్టం తీసేయాలన్నారు. ఇంకొకాయన, "అయినా ప్రభువు అంత నల్లగా ఉంటాడా?" అన్నాడు. అవ్వ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్న ఏదీ తీసేయనన్నాడు. అయితే కొంతకాలం చర్చిలో ప్రభువు బల్లకు, రొట్టె తీసుకోవడానికి, రావద్దన్నారు.

తర్వాతి ఆదివారం అన్న చర్చిలో వెనక వరసలో కూర్చున్నాడు. అందరూ లేచి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ముందుకు పోతుంటే, నేను నాయన చెయ్యి పట్టుకుని లేపబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా వెనక్కి నడిచి అన్న పక్కన కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక పాస్టరయ్య వచ్చి అడిగితే, "మోకాళ్లు నొప్పి. అంత దూరం నడవలేను," అన్నాడు. పెద్దలు మనసు మార్చుకుని అన్నను మళ్లీ రమ్మనేదాకా ఆయన అలా వెనకనే కూర్చున్నాడు.

అవ్వ నాకు మళ్లీ కనిపించింది. రోజూ అదే బస్టాండులో దిగేదాన్ని, అదే బస్టాండులో ఎక్కేదాన్ని, కనిపించకుండా ఎక్కడికి పోతుంది? చలికాలం సాయంత్రం, గోడ పక్కన కూర్చుని వక్కాకు నములుతోంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలియక ముందు నీళ్లిచ్చాను. తర్వాత చెప్పాను, ఆ రోజు బస్టాండులో జరిగింది సినిమా అని, ఆయన వేషం వేసిన మనిషని.

"తెల్సులేమ్మా," అంది అవ్వ. "ఆచారోళ్ల పిల్లోడు గదా. వాళ్ల నాయన కాడనే మేం రోలు కొన్న్యాం."

నేను ఆమె వైపు తిరిగాను. "మరి అట్ల అడిగితివే?"

అవ్వ వక్కాకు ఉమ్మేసి, మూతి తుడుచుకుంది. "గుడ్డ బాగుండె. మొగం బాగుండె. ఎవురినో ఒకర్ని అడగల్ల గదా. మా అయ్యగారిని అడిగితే ప్రార్థన జేద్దాం అంటాడు. బిడ్డలు నోరు మూసుకోమంటారు. ఆ పిల్లోడు జవాబు జెప్పె."

అంతే అంది. బస్సు కోసం దోవ వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి అడిగింది. "ఆ సినిమాలో నేను పడినానా?"

"పడినావవ్వా."

"మా ఊర్లో ఎయ్యరా?"

అన్నకు చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. వాళ్ల ఊరివాళ్లు గుడి అని పిలుచుకునే చిన్న చర్చిలో, పొద్దు వాలగానే, గోడకు నేను కుట్టిన అంగీ గుడ్డ లాంటిదే ఒక తెల్లగుడ్డ కట్టి వేశాం. చాపల మీద ఊరంతా కూర్చుంది. ఆచారిని కూడా రమ్మన్నాం. లోపలికి రమ్మంటే మొహమాటపడి గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. అవ్వ అందరికంటే ముందు.

ఆ ఊరివాళ్లకు చర్చి బెంచీలు లేవు, అందుకని ఆ ఘట్టానికి నవ్వలేదు. బస్సు కండక్టరు ప్రభువును టికెట్ అడిగే చోట బాగా నవ్వారు. అవ్వ తెర మీదికి వచ్చేసరికి పిల్లలు ఆమె పేరు పెట్టి అరిచారు. నా గొంతు మొదలయ్యింది. అవ్వ వెనక్కి తిరిగి, "అది నా గొంతు గాదే," అంది. ఎవరో ఊరుకోమన్నారు. ఆస్పత్రి మాట వచ్చాక ఇంకెవరూ కదల్లేదు. ఆ కొడుకు వాళ్లందరికీ తెలిసినవాడు, వాళ్లతో కలిసి చేలు కోసినవాడు. బస్సు దొరకలేదవ్వా అన్న మాట వచ్చింది. గుడిలో చప్పుడు లేదు. ప్రొజెక్టరు తిరుగుతున్న చప్పుడొకటే.

అప్పుడు అవ్వ నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. ముక్కుతో ఊదినట్టు, పళ్లు లేని నోటితో. "బస్సంట," అంది పక్కనామెతో. ఆ పక్కనామె కూడా నవ్వింది. ఆ వెనక ఇంకొందరు. నంద్యాలలో విన్న నవ్వు కాదు అది. నేను ఈసారి బయటికి పోలేదు.

అయ్యాక మాకు కొర్రన్నం, పప్పు పెట్టారు. అవ్వ ఆచారిని లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టి వడ్డించింది. తినేటప్పుడు ఆయన అరచెయ్యి తిప్పి చూసి, "బో గట్టి చేతులప్పా," అంది. ఆచారి తల వంచుకుని తిన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ప్రొజెక్టరు స్నేహితుడి జీపులో అన్న, "నీ గొంతు కుదరలేదు," అన్నాడు. "తెలుసు," అన్నాను.

ఇంకా కొన్ని ఊళ్లలో వేశాం. తర్వాత అడిగేవాళ్లు తగ్గారు. ఫిల్ము ఎక్కడికక్కడ తెగేది, అన్న అతికించేవాడు, ప్రతి అతుకుకూ కొంచెం సినిమా పోయేది. తర్వాత వీడియో వచ్చింది. పెళ్లివాళ్లు ఫోటోలతోబాటు వీడియో కావాలన్నారు. అన్న దానికి మారాడు. ఒక ఎండాకాలం రీలు డబ్బా తెరిస్తే పుల్లటి వాసన కొట్టింది, ఫిల్ము ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. మూత పెట్టి అటక మీద పెట్టేశాడు. ఇంకో సినిమా తీస్తానని వాడు మళ్లీ అనలేదు. నేనూ అడగలేదు. ఆ సంవత్సరాల్లో ఎవరి పని వాళ్లకు సరిపోయింది.

నాయన ఎనభైల నడుమ పోయాడు, నిద్రలోనే. బెంచీ గురించి నొచ్చుకున్న కుటుంబంవాళ్లే ముందుగా వచ్చి పెట్టెకు భుజం పట్టారు. ఆచారికి మూడో రోజున గానీ తెలియలేదు. వచ్చి వాకిట్లో చాలాసేపు కూర్చున్నాడు. సమాధి రాయి తనే చేస్తానన్నాడు. "మీ మతంలో రాతి మీద ఏమేమో రాస్తారు గదా. ఏం రాయల్లనో చెప్పండి."

నేనూ అన్నా ఎన్నో వాక్యాలు అనుకున్నాం. ఒకటి నాయనకు నచ్చేదే, కానీ చాలా పొడుగు. ఇంకొకటి అందరి రాళ్ల మీదా ఉండేదే. అనుకుని అనుకుని అలిసిపోయాం. చివరికి పేరు, కింద ఉపదేశి అని.

"అంతేనా?" అన్నాడు ఆచారి.

"అంతే."

రాయి ఎద్దుల బండి మీద నంద్యాలకు వచ్చింది. ఆచారి కూడా దానితోబాటే వచ్చి, తనే గుంత తవ్వి నిలబెట్టాడు. దారం పట్టి చూసి, కొంచెం పక్కకు జరిపి, మళ్లీ చూశాడు. చుట్టూ మట్టి వేసి కాలితో తొక్కాడు. ఆ పనితో ఆయనకు దగ్గు వచ్చింది. ఆ దగ్గు అప్పటికే కొంతకాలంగా ఉంది, రాతిపని వాళ్లందరికీ ఉండేదే. ముగ్గురం అక్కడే నేల మీద కూర్చున్నాం. నేను తెచ్చిన టీ ఫ్లాస్కులోంచి పోసిచ్చాను. చల్లారిపోయి ఉంది, అయినా తాగాం. తర్వాత అన్న, మధ్యాహ్నం ఒక పెళ్లి ఉందని చెప్పి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు.